ఇడ్లీ పిండికి వచ్చిన నోటీసు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, బోర్డు లేనిదేదీ ఈ లోకంలో లెక్కలోకి రాదని. డాక్టరుకు బోర్డుంది, టైలరుకు బోర్డుంది, మా సందు మొదట్లో మేడ ఇంటివాళ్ల కుక్కకు కూడా 'జాగ్రత్త' అని ఒక బోర్డుంది. ఇరవై మూడేళ్లు నిండినా నాకు మాత్రం ఎక్కడా ఒక బోర్డు లేదు. ఆ బాధ తీర్చుకోబోయి నేను చేసిన ఘనకార్యం వల్ల మా ఇంటికి మునిసిపాలిటీ నోటీసు వచ్చింది, మా అమ్మ గ్రైండరు నెల రోజులు ఆగిపోయింది, పక్కింటి పెద్దమనిషి ఒకాయన నా దృష్టిలో ద్రోహి అయిపోయాడు. లాక్‌డౌన్ అనే మాట ఇంకా ఎవరి నోటా వినని కాలం అది. ఇన్నాళ్లకు తీరిగ్గా కూర్చుని తలుచుకుంటే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు, ఒట్టు.

నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో లోపలికి తిరిగితే వచ్చే కాలనీల్లో ఒకటి మాది. మా నాన్న జనగామ వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పట్టుబట్టి కార్ షెడ్డు వేయించాడట, "రేపు కారు కొన్నంక ఏడ వెడ్తవ్ అన్నా" అని. ఆ రేపు ఎన్నడూ రాలేదు. షెడ్డులో మొదట నాన్న సైకిలు, తర్వాత బండి, ఆ తర్వాత పనికిరాని మంచాలు ఉండేవి. నేను బీకాం పూర్తి చేసి ఉప్పల్‌లో ఒక కొరియర్ ఆఫీసులో చేరాను. పార్సిలు ఎక్కడుందని ఫోన్ చేసిన వాళ్లకు "దారిలో ఉంది సార్" అని చెప్పడం నా ఉద్యోగం. రెండేళ్లు అదే మాట చెప్పీ చెప్పీ, ఒకరోజు విసుగొచ్చి, మేనేజరు ముందు నిలబడి, ఇకమీదట ఒకరి కింద పనిచేయనని, నా దారి నేను వేసుకుంటానని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన అంతా విని, "సరే అమ్మా, ఐడీ కార్డు ఇచ్చిపో" అన్నాడు.

నా దారి ఏమిటంటే, అమ్మ చేతి ఇడ్లీ పిండి. నిజానికి మా ఇళ్లలో ఇడ్లీ పుట్టి పెరిగింది కాదు. మా అమ్మమ్మ ఊళ్లో ఇడ్లీ అంటే జ్వరమొచ్చిన వాళ్లకు హోటలు నుంచి తెచ్చిపెట్టేది. అమ్మకు పిండి నానబెట్టడం, రుబ్బడం, ఏ కాలంలో ఎంతసేపు పులియనివ్వాలన్నదీ నేర్పింది పక్కింటి ఆంటీ. వాళ్లది కాకినాడ వైపు. బదులుగా అమ్మ ఆమెకు మా వైపు చేసే బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి కాల్చడం నేర్పింది. రెండేళ్లు తిరిగేసరికి శిష్యురాలు గురువును మించిపోయింది. అమ్మ పిండితో వేసిన ఇడ్లీలు అలా చేత్తో తాకితే చాలు విరిగేంత మెత్తగా వచ్చేవి. ఇరుగుపొరుగు వాళ్లు చుట్టాలొచ్చినప్పుడల్లా గిన్నె పట్టుకొచ్చేవాళ్లు. ఇంత గిరాకీ ఉండగా నేను ఎవరో పార్సిళ్ల కోసం గొంతు పోగొట్టుకోవడం ఏమిటి అనిపించింది. అంబర్‌పేట్‌లో మూతబడ్డ టిఫిన్ సెంటరు వాళ్ల దగ్గర ఒక పెద్ద గ్రైండరు సెకండ్‌హ్యాండ్‌లో కొని షెడ్డులో దింపించాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, బోల్టులు బిగించి, నూనె వేసి, చివరికి తీర్పు చెప్పాడు. "దసరా దాంక సూస్త. నడిస్తే మంచిదే. లేకుంటే మల్ల గా ఆఫీసుకే పోయి మీ సారును బతిమిలాడుకో." ఉపన్యాసం ఇచ్చిన మనిషిని ఆ మేనేజరు ముందు మళ్లీ నిలబెట్టడం కంటే ఘోరమైన శిక్ష నాకు ఇంకోటి లేదని ఆయనకు బాగా తెలుసు.

పిండి నడిచింది. ఎంత బాగా నడిచిందంటే, ఇరవై ఏళ్లుగా ఆ సందులో 'ఫలానా వాళ్ల అమ్మ'గా ఉన్న మా అమ్మ మూడు నెలల్లో 'పిండక్క' అయిపోయింది. "ఏం పేరు గది, పిండక్కనట" అని పైకి విసుక్కునేది గానీ, గేటు దగ్గర ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే కొంగు సర్దుకుని, జుట్టు సవరించుకుని మరీ వెళ్లేది. అంతకుముందు మధ్యాహ్నాలు పడుకుని లేచి తలనొప్పి అనే మనిషి, ఇప్పుడు అన్నం తిన్న వెంటనే గ్రైండరు ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. రాయి తిరిగే చప్పుడులో ఏదో కూనిరాగం తీసేది. అమ్మ పాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక పక్కింటి అంకుల్ గురించి చెప్పాలి. ఆంటీ భర్త. ప్రభుత్వ ప్రయోగశాలలో సైంటిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఏదో ఒకటి కొలిచిన మనిషి, ఉద్యోగం ఆగినా కొలవడం ఆపలేదు. ఎంత వాన పడిందో మేడ మీద సీసా పెట్టి కొలిచేవాడు. వీధి దీపం ఎన్నింటికి వెలిగి ఎన్నింటికి ఆరుతుందో రాసి పెట్టేవాడు. పాలవాడు ఆ గుమ్మం ముందు ఆగడానికే భయపడేవాడు. మేం ఆయనకు పెట్టుకున్న పేరు మీటర్ అంకుల్ (ఎదురుగా మాత్రం ఉత్త అంకులే). గ్రైండరు మొదలైన మూడో రోజు ఆయన చేతిలో చిన్న పెట్టెలాంటి యంత్రం పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర కాసేపు, ప్రహరీ గోడ దగ్గర కాసేపు, గ్రైండరు పక్కన కాసేపు నిలబడి, ఒక చిన్న నోటు పుస్తకంలో ఏవో అంకెలు రాసుకున్నాడు. చప్పుడు కొలిచే యంత్రం అని అడిగితే చెప్పాడు. ఎంతొచ్చింది అంకుల్ అని అడిగితే మాత్రం "ఊఁ" అని వెళ్లిపోయాడు. ఆ 'ఊఁ' నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అయినా రెండిళ్ల మధ్య రాకపోకలకేం లోటు రాలేదు, ఎందుకంటే మధ్యలో ఒక గిన్నె ఉంది. ఆంటీ వాళ్లది. ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చిన స్టీలు గిన్నె, అంచు మీద చుక్కల అక్షరాలతో ఆంటీ పేరు కొట్టి ఉంటుంది. అందులో వాళ్ల పులిహోర గోడ దాటి ఇటొస్తుంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, కనుక మా పిండో, సర్వపిండి ముక్కలో నిండి అటు వెళుతుంది. వాళ్లూ ఖాళీగా ఉంచుకోలేరు కదా, ఈసారి బొబ్బట్లతో తిరిగొస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ గిన్నె ఒక్క వారం కూడా ఒకచోట కుదురుగా ఉన్నట్టు గుర్తులేదు.

అంతా సజావుగా సాగుతుంటే నాకు మళ్లీ బోర్డు గుర్తొచ్చింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఫ్లెక్సులు వేసే అన్న ఒకాయన, "ఫొటో లేకుంటే ఫ్లెక్సు ఎట్లక్కా, మొకం ఉండాలె" అని నా కాలేజీ ఫొటో తీసుకున్నాడు. అమ్మను అడిగితే చెంప పగలగొడతానంది, అందుకని నా ఒక్క ముఖమే నిలువెత్తున వేయించాను. కింద నా పేరు, 'ప్రొప్రైటర్' అన్న మాట, ఆ పక్కన పొగలు కక్కే ఇడ్లీల పళ్లెం. ఆ అన్న అంతకుముందు రోజు ఎవరో నాయకుడి పుట్టినరోజుకు వేసిన ఫ్లెక్సు మీదే నాది తయారుచేశాడు కాబోలు, అడుగున 'హార్దిక శుభాకాంక్షలు' అన్న అక్షరాలు అలాగే ఉండిపోయాయి. ఎవరికి ఎందుకు శుభాకాంక్షలో తెలియదు. మార్చాలంటే ఇంకో రెండు రోజులు ఆగాలన్నాడు. రెండు రోజులు నేను ఆగలేను. పైగా నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అది ఉంటేనే నిండుగా ఉంది.

కార్ షెడ్డు ముందు వెదురు కర్రలు పాతి ఫ్లెక్సు కట్టించాను. మర్నాడు సాయంత్రం మీటర్ అంకుల్ గోడ మీంచి తొంగిచూసి, గొంతు సవరించుకుని, "అమ్మాయ్, నీ ముఖం నీడ మా సన్నజాజి పాదు మీద పడుతోంది. పొద్దున్న ఎండ తగలడం లేదు. కాస్త ఇటు జరపగలవా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి నాకొక బోర్డు వస్తే, దాని నీడకు మొక్కలు ఎండిపోతాయన్న మనిషి ఆయన. జరుపుతాలెండి అన్నాను, జరపలేదు.

ప్రొప్రైటరు అయ్యాక నడకే మారిపోతుంది. మా గేటు ముందు మోరీ పొంగి నీళ్లు రోడ్డెక్కితే, ఒకప్పుడైతే ముక్కు మూసుకుని గోడ వారగా నడిచేదాన్ని. ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్ల యాప్ తెరిచి ఫిర్యాదు పెట్టాను. "మా వ్యాపార సంస్థ ముందు మోరీ పొంగి, రోజూ వచ్చే వందలాది కస్టమర్లు ఇబ్బంది పడుతున్నారు" అని గంభీరంగా రాశాను (వందలాది అంటే, మంచి రోజున ఇరవై మంది). నాలుగు వైపులనుంచి ఫొటోలు తీసి జత చేశాను. మూడో రోజుకల్లా మనుషులొచ్చి మోరీ శుభ్రం చేసి వెళ్లారు. నేను వారం రోజులపాటు ఆ సందులో మోరీ బాగు చేయించిన మనిషిలా తిరిగాను.

ఆ వారం తర్వాత ఒక శుక్రవారం పొద్దున్న గోడ మీంచి పులిహోర వచ్చింది. అదే రోజు పదకొండింటికి బండి మీద ఒకాయన వచ్చి, నా పేరు అడిగి, సంతకం పెట్టించుకుని ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. నివాస ప్రాంతంలో అనుమతి లేకుండా వ్యాపారం నడుపుతున్నట్టు దృష్టికి వచ్చినందున పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, అంతవరకు పని ఆపేయాలని, లేకపోతే తదుపరి చర్య తప్పదని అందులో ఉంది. పైన ఇంకా రెండు మూడు లైన్లలో ఏవో నంబర్లున్నాయి గానీ, తలమీద పిడుగు పడ్డప్పుడు నంబర్లు ఎవరు చదువుతారు? కింద ఉన్న 'తదుపరి చర్య' దగ్గరే నా చూపు ఆగిపోయింది.

అప్పుడే మీటర్ అంకుల్ వాకిట్లోకి వచ్చి, "ఏమిటమ్మా, ఎవరో వచ్చినట్టున్నారు?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను. యంత్రం పెట్టి చప్పుడు కొలిచిందెవరు? పుస్తకంలో రాసుకుందెవరు? నా ఫ్లెక్సు చూసి కుళ్లుకుందెవరు? ఇదేమైనా బ్రహ్మవిద్యా? ఆయనకు జవాబు చెప్పకుండా లోపలికి వచ్చి తలుపు వేసేశాను. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "గా సారు ఏదున్నా మొకం మీదనే అంటడు. ఎనకనుంచి కాయితం రాసే మనిషి కాదు బిడ్డా" అంది. నీకు లోకం తెలియదమ్మా అన్నాను. ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలిసినంత లోకం ఇంకెవరికీ తెలియదు మరి.

ఆ మధ్యాహ్నం నానబెట్టిన మినప్పప్పు అలాగే ఉండిపోయింది. అమ్మ అలవాటు కొద్దీ అన్నం తిని షెడ్డులోకి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, ఆగిపోయిన గ్రైండరును తడిబట్టతో తుడిచి తిరిగొచ్చింది. సాయంత్రం గేటు దగ్గర "పిండక్కా" అని ఎవరో పిలిస్తే నన్ను వెళ్లమంది. లేదు అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నాన్న రెండో రోజు అన్నం తింటూ, ఆ కొరియర్ సారు ఫోన్ నంబరు ఉందా అని మాత్రం అడిగాడు.

పులిహోర వచ్చిన గిన్నె మా వంటింట్లోనే ఉండిపోయింది. నిందితుడి ఇంటికి నింపి పంపడం నాకిష్టం లేదు. ఖాళీగా పంపడం అమ్మకు ఇష్టం లేదు. "శత్రువుకైనా సరే, ఉత్త గిన్నె ఎట్లిస్తం" అంది. పోనీ చిటికెడు చక్కెర వేసి ఇస్తానంటే, చక్కెర మాత్రం ఎందుకూ అని నేను అడ్డం పడ్డాను. అలా అది షెల్ఫులో కూర్చుంది. అమ్మ రోజూ పొద్దున్నే ఆ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగి, తుడిచి, చుక్కల అక్షరాలు మా వైపు కనిపించకుండా గోడకు తిప్పి పెట్టేది. గోడ అవతల ఆంటీ బట్టలు ఆరేస్తూ ఇటు చూసేది. నేను తల తిప్పుకునేదాన్ని. చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి ఆమె. అయినా తల తిప్పుకునేదాన్ని.

పదో రోజుకు కోపం కంటే భయం ఎక్కువై ఉప్పల్‌లోని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాను. లైసెన్సుల సెక్షన్‌లో కళ్లద్దాల మేడమ్ ఒకామె ఉంది. నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే, ఆమె కుర్చీ చూపించింది. ఇంట్లోవాళ్లే కలిసి చేసుకునే చిన్న పనికి దారి లేకపోలేదని, అయితే ఇల్లు ఇల్లులాగే కనిపించాలని, చప్పుడు చేసే పెద్ద మిషన్లు, బయటి పనివాళ్లు, పెద్ద పెద్ద బోర్డులు కుదరవని, ఇరుపక్కల వాళ్ల నుంచి అభ్యంతరం లేదని సంతకాలు తెస్తే మిగతాది తాను చూస్తానని ఓపికగా చెప్పింది. ఆ తర్వాత ఫైలు తిప్పి, అందులో ఒక ఫొటో దగ్గర ఆగి, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది. నా ఫ్లెక్సు ఫొటో. "ఇది మీరేనా? శుభాకాంక్షలు ఎవరికమ్మా?" అని అడిగింది. థాంక్స్ మేడమ్ అని లేచి వచ్చేశాను. బయటికొచ్చి షేర్ ఆటోలో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. అంటే మీటర్ అంకుల్ ఫిర్యాదు రాయడమే కాక, ఫొటో కూడా తీసి జత చేశాడన్నమాట. ఎంత బాగా తీశాడు, ఒక్క అక్షరం పోకుండా, అని పళ్లు కొరుక్కున్నాను.

సంతకాల సంగతికొస్తే, మాకు ఒకవైపు ఖాళీ ప్లాటు. అందులో ఉండే రెండు కుక్కలకు అభ్యంతరమేమీ ఉన్నట్టు లేదు. రెండోవైపు మీటర్ అంకుల్. ఎవరైతే గొయ్యి తవ్వాడో ఆయన దగ్గరికే వెళ్లి చెయ్యి అందించమని అడగాలి. రెండు రోజులు తాత్సారం చేశాను. పన్నెండో రోజు అమ్మే పొయ్యి వెలిగించి, సర్వపిండి కాల్చి, ముక్కలు చేసి, షెల్ఫులోంచి ఆ గిన్నె తీసి నింపి నా చేతిలో పెట్టింది. "సంతకం వెడ్తడో వెట్టడో ఆయనిష్టం. గిన్నె అయితే ఇచ్చి రా" అంది.

తలుపు తీసింది ఆంటీ. గిన్నె చూసి ఆమె ముఖం విప్పారింది. నా చేతిలోంచి అందుకుని రెండు చేతులా పట్టుకుని, లోపలికి తిరిగి, "ఏవండీ, గిన్నె వచ్చింది" అని కేకేసింది. నేను వచ్చానని కాదు, గిన్నె వచ్చిందని. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కమాట చెప్పు తల్లీ. ఆ రోజు పులిహోరలో ఉప్పు ఎక్కువైందా? నిజం చెప్పు, ఏమీ అనుకోను. పన్నెండు రోజులుగా ఇదే అనుకుంటున్నాం. మీ అంకుల్ అయితే, నువ్వు చెంచా నిండుగా వేశావు, అందుకే వాళ్లకు కోపం వచ్చిందని నన్ను ఒకటే సాధింపు."

పన్నెండు రోజులు. మేం ఇటు ద్రోహం గురించి మాట్లాడుకుంటుంటే వాళ్లు అటు ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. నాకు కుర్చీలో ముళ్లున్నట్టయింది. లేదు ఆంటీ, ఉప్పు సరిపోయింది అన్నాను. ఇంతలో అంకుల్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇంటి నుంచి సాధన చేసుకొచ్చిన మాటలన్నీ మర్చిపోయి, నోటీసు ఆయన ముందు పెట్టి, మీకు అభ్యంతరం లేదని సంతకం కావాలట అని గొణిగాను. ఆయన కళ్లజోడు మార్చుకుని కాగితం అందుకున్నాడు. నాలాగా కింద 'తదుపరి చర్య' దగ్గర మొదలుపెట్టలేదు. పైన ఆఫీసు పేరు నుంచి మొదలుపెట్టి, తేదీ చదివి, ఆ నంబర్ల లైను దగ్గర ఆగి, వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"ఇక్కడ ఫిర్యాదు నంబరు ఇచ్చారు, చూశావా?" అన్నాడు.

చూడలేదన్నాను. ఎవరి ఫిర్యాదో మీకు తెలియదా అని మనసులో అనుకున్నాను.

"మన వీధిలో ఆ యాప్ వాడేది నువ్వొక్కదానివే అనుకుంటా. మోరీ గురించి పెట్టావు కదా. ఒకసారి తెరువు."

తెరిచాను. 'మీ ఫిర్యాదులు: ఒకటి' అని ఉంది. దాని నంబరు, నోటీసు మీద నంబరు, రెండూ ఒకటే. అంకెకు అంకె సరిపోయింది. కింద నా రాత, 'మా వ్యాపార సంస్థ ముందు', 'వందలాది కస్టమర్లు'. ఆ కింద నేను తీసిన నాలుగు ఫొటోలు. మోరీ ఒక్క దాంట్లోనే సరిగ్గా పడింది. నాలుగింటిలోనూ నిండుగా పడింది మాత్రం నేను, నవ్వుతూ, శుభాకాంక్షలతో సహా. మోరీ బాగు చేసిన వాళ్లు, ఇక్కడేదో పెద్ద వ్యాపార సంస్థ ఉందంటున్నారే అని ఆ కాగితాన్ని పక్క సెక్షనుకు పంపినట్టున్నారు. వాళ్ల తప్పేముంది? పేరు, చిరునామా, ఫొటో అన్నీ చేతికిచ్చి, నామీద నేనే ఫిర్యాదు చేసుకున్నాను. పైన 'పరిష్కరించబడింది' అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది.

భూమి చీలితే బాగుండనిపించింది. మీటర్ అంకుల్ నవ్వలేదు. ఫోను నా చేతిలోంచి తీసుకుని, ఫొటోలు పెద్దవి చేసి చూసి, "ఫిర్యాదు బాగా రాశావు. ఫొటోలు కూడా స్పష్టంగా ఉన్నాయి" అన్నాడు. ఆ పెద్దమనిషి నన్ను ఇంకో మాట అని ఉంటే తట్టుకునేదాన్ని. ఈ మెచ్చుకోలు మాత్రం తట్టుకోలేక, నేను మీరే అనుకున్నాను అంకుల్ అని మొత్తం కక్కేశాను. చప్పుడు కొలిచారు కదా, అందుకని.

ఆయన లేచి వెళ్లి ఆ చిన్న నోటు పుస్తకం తెచ్చాడు. ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. వరసగా రాసి ఉంది. మా గ్రైండరు వాళ్ల మిక్సీ కంటే తక్కువ. సందులో ఆటో దానికంటే ఎక్కువ. కూరగాయల బండి మైకు ఇంకా ఎక్కువ. అన్నిటికంటే పైన, రెండు గీతలు గీసి, మా అమ్మ నన్ను వంటింట్లోంచి పిలిచే పిలుపు. "ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారని ముందే కొలిచి పెట్టాను. గొడవ వచ్చాక కొలిస్తే ఎవరూ నమ్మరమ్మా" అన్నాడు. అమ్మ తరఫున సాక్ష్యం సిద్ధం చేసి పెట్టుకున్న మనిషిని నేను పన్నెండు రోజులు ముద్దాయిని చేశాను. ఏడుపొచ్చేసింది, నిజంగానే ఏడ్చాను. ఆంటీ సర్వపిండి ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "తిను, మీ అమ్మ చేసిందే" అంది.

మర్నాడు అంకుల్ ఇచ్చిన అంగీకార పత్రం రెండు పేజీలుంది. గ్రైండరు మధ్యాహ్నం ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకే తిప్పాలి. దాని కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయాలి (ఆ ముక్కలు ఆయనే కొలిచి, కోసి, సంచీలో వేసిచ్చాడు). ఫ్లెక్సు తీసేయాలి. వెనకాల చప్పుడు లెక్కల పట్టిక. చివర, 'పై షరతుల మీద నాకు గానీ, నా భార్యకు గానీ, మా సన్నజాజికి గానీ ఎటువంటి అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. అప్పటిదాకా ఆయనకు హాస్యమాడటం వచ్చని నాకు తెలియదు. కళ్లద్దాల మేడమ్ దాన్ని చదువుతూ చదువుతూ ఆ చివరి వాక్యం దగ్గర పగలబడి నవ్వి, పక్క టేబులు వాళ్లకు కూడా చదివి వినిపించింది. తర్వాత ఆ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి షెడ్డు చూసి, గ్రైండరు చూసి, ఇల్లు ఇల్లులాగే ఉందని రాసుకుని, అనుమతి రాగానే అరకిలో పిండి కావాలని చెప్పి మరీ వెళ్లాడు. అనుమతి కాగితం దసరాకు ఇంకా తొమ్మిది రోజులుందనగా వచ్చింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టాడు. కొరియర్ సారు నంబరు సంగతి ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ స్టూలు వేసుకుని మీట నొక్కింది. గ్రైండరు రబ్బరు కాళ్ల మీద మెల్లగా తిరుగుతుంటే ఆమె కూనిరాగం ఇంకా బాగా వినిపించింది.

ఇప్పుడు మా పని మల్లాపూర్‌లో ఒక షెడ్డుకు మారింది. అక్కడ ఎంత పెద్ద బోర్డయినా పెట్టుకోవచ్చు. గజం పొడుగు బోర్డు ఒకటి పెట్టాను, ముఖం లేకుండా. పాత ఫ్లెక్సు వానకు తడవకుండా మినప్పప్పు బస్తాల మీద కప్పుకోవడానికి పనికొస్తోంది. రంగు వెలిసిపోయింది గానీ, ఆ పిల్ల ఇంకా అలాగే నవ్వుతోంది. సందంతటికీ కనిపించేలా ముఖం కట్టుకుంది గానీ, గోడ అవతలికి ఒక్క మాట అడగడం దాని వల్ల కాలేదు. బస్తా కోసం ఫ్లెక్సు ఎత్తినప్పుడల్లా దాన్ని చూస్తే జాలేస్తుంది, కొంచెం ముద్దొస్తుంది కూడా.

పెళ్లయ్యాక నేను రామంతాపూర్ వచ్చేశాను. గిన్నె కూడా నాతోపాటే దారి పొడిగించుకుంది. ఆంటీ పులిహోర చేస్తే అమ్మ చేత నాకు పంపుతుంది. నేను ఏదో ఒకటి నింపుకుని ఆదివారం నాచారం వెళ్లి ఇచ్చొస్తాను. అంకుల్‌కు చూపు తగ్గి ఏదీ కొలవడం లేదు. ఆంటీకి చేతి కొలత తప్పి, ఈమధ్య పులిహోరలో ఉప్పు నిజంగానే ఎక్కువవుతోంది. పంపిన సాయంత్రం తప్పకుండా ఫోన్ చేస్తుంది, "అమ్మాయ్, ఉప్పు..." అని మొదలుపెడుతుంది. ఆమె మాట పూర్తి కాకముందే "సరిపోయింది ఆంటీ" అంటాను. అనేసి, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగుతాను.